వార్డు కాగితాల్లోనే మేనేజ్‌మెంటు పాఠం

బీఎస్సీ నర్సింగ్ ఆరో సెమిస్టర్‌లో నర్సింగ్ మేనేజ్‌మెంట్ అండ్ లీడర్‌షిప్ అని ఒక పేపరు ఉంది. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సెమిస్టర్ పద్ధతి తెచ్చాక దాని చోటు అక్కడే. మేనేజ్‌మెంటు పండితుడు ఫేయోల్ చెప్పిన 14 సూత్రాలు, మేనేజరు చేసే పనుల మొదటి అక్షరాలతో గులిక్ కూర్చిన పోస్డ్‌కార్బ్ పిల్లలు గడగడా అప్పజెప్తారు. అదే అమ్మాయి ఏడాది రెండేళ్ళలో కోనసీమలో ఏ ఏరియా ఆసుపత్రిలోనో 30 మంచాల వార్డులో రాత్రి డ్యూటీకి నిలబడుతుంది. ముందు ఏ మంచం దగ్గరికి వెళ్ళాలి, ఆయమ్మకు పని ఎలా చెప్పాలి, సెలైన్ ఎక్కించే ఐవీ సెట్లు తెల్లారేదాకా సరిపోతాయా అన్నవి ఆ పేపర్లో ఎక్కడా రావు. వచ్చినా పది మార్కుల ప్రశ్నగా వస్తాయి.

మేనేజ్‌మెంటు అంటే హెడ్ నర్సు కుర్చీ వచ్చాక నేర్చుకునేదని మనలో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఆ నమ్మకం వల్లే కుర్చీ వచ్చినవాళ్ళు తమ ముందున్నవాళ్ళను చూసి నేర్చుకుంటున్నారు, వాళ్ళ మంచితోపాటు వాళ్ళ తప్పులూ నేర్చుకుంటున్నారు. దీన్ని నేర్పడానికి కొత్త సామగ్రి ఏమీ అక్కర్లేదు. డ్యూటీ చార్టు, షిఫ్టు మారేటప్పుడు రోగులను అప్పగించే హ్యాండోవర్ పుస్తకం, స్టోరు నుంచి సామాన్లు అడిగే ఇండెంటు పుస్తకం, ఎమర్జెన్సీ ట్రాలీ చెక్‌లిస్టు ప్రతి వార్డులోనూ ఉన్నవే. కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రిలోనైనా, గోదావరి మధ్య లంక ఒడ్డున ఉన్న పీహెచ్‌సీలోనైనా ఉంటాయి. మొదటి ఏడాది నుంచే వీటిని విద్యార్థి చేతికివ్వాలన్నది నా వాదన. ఎలాగో వివరంగా రాస్తాను.

డ్యూటీ చార్టు నుంచి మొదలుపెడదాం. ఒక వార్డుకి పొద్దున 4, మధ్యాహ్నం 3, రాత్రి 2 చొప్పున నర్సులు కావాలనుకోండి. రోజుకి 9 డ్యూటీలు. "అయితే 9 మంది చాలు" అనేస్తారు చాలామంది. ఒక మనిషి ఏడాదిలో ఎన్ని రోజులు డ్యూటీకి దొరుకుతుందో లెక్కేస్తే సంగతి తెలుస్తుంది. 365లో వారానికొక ఆఫ్ చొప్పున 52 తీసేయండి. సీఎల్, ఈఎల్, పండగ సెలవులు కలిపి ఓ 43 అనుకుని తీసేయండి. మిగిలేవి 270. వార్డుకి ఏడాదికి కావలసినవి 9 ఇంటూ 365, అంటే 3,285 డ్యూటీలు. 270తో భాగిస్తే 12.2 వస్తుంది. 9 మందితో నడుపుతున్న వార్డులో తక్కువైన ఆ ముగ్గురి పనినీ ఎవరో ఒకరు ఆఫ్‌లు వదులుకుని చేస్తున్నారన్న మాట. కౌన్సిల్ నిబంధనల్లో 30 శాతం లీవ్ రిజర్వు (సెలవుల కోసం అదనపు మనుషులు) అన్న మాట ఎందుకుందో ఈ లెక్క వేసిన విద్యార్థికి విడిగా చెప్పక్కర్లేదు: 9కి 30 శాతం కలిపితే 11.7. ఒకరు ఆరు నెలలు ప్రసూతి సెలవు మీద వెళ్తే అందులో మరో 135 డ్యూటీలు తగ్గుతాయి. మన దగ్గర చాలాచోట్ల పొద్దున, మధ్యాహ్నం 6 గంటలేసి, రాత్రి 12 గంటలు కదా. అక్కడ డ్యూటీల బదులు గంటల్లో లెక్క వేయాలి, లేకపోతే రాత్రి చేసేవాళ్ళకు అన్యాయం జరుగుతుంది.

చార్టు రాయడానికీ ఒక వరస ఉంది. ముందు పెన్సిలుతో రాత్రులు వేయాలి. వెంటనే రాత్రుల తర్వాతి ఆఫ్‌లు వేసేయాలి. చివర్లో చూద్దామనుకుంటే అవే ఎగిరిపోతాయి. తర్వాత ప్రతి రాత్రి జంటలో ఆ వార్డు తెలిసిన మనిషి ఒకరైనా ఉన్నారా అని చూడాలి. కొత్తగా చేరిన ఇద్దరు ఒకే రాత్రి పడటం చార్టుల్లో కనిపించే అతి పెద్ద తప్పు. ఇద్దరూ మంచి నర్సులే కావచ్చు, కానీ అర్ధరాత్రి ఆక్సిజన్ స్పానర్ ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు. ఆ తర్వాత మధ్యాహ్నాలు, ఆఖరున పొద్దుటి డ్యూటీలు. చార్టు కనీసం వారం ముందు గోడకెక్కాలి. మార్పిడి అడిగినవాళ్ళిద్దరి సంతకాలూ, ఇన్‌చార్జి సంతకమూ ఉంటేనే మార్పు. నోటిమాట మార్పిడుల వల్ల ఒక రోజు ముగ్గురు వస్తారు, ఒక రోజు ఒక్కరే మిగులుతారు.

చార్టు వెనక పేజీలో ఇంకో పట్టీ ఉండాలి. ఎవరికి ఎన్ని రాత్రులు, ఎన్ని ఆదివారాలు, ఏ పండగ డ్యూటీ పడిందో మూడు నెలలకోసారి కూడిన లెక్క అది. ఈ పట్టీ ఉన్న వార్డులో గొడవలు సగానికి సగం తగ్గుతాయని నా నమ్మకం, ఎందుకంటే "ఎప్పుడూ నాకే వేస్తారు" అన్న మాటకు జవాబు అంకెల్లో ఉంటుంది. నిజంగానే ఆవిడకే ఎక్కువ పడి ఉంటే అదీ అందులోనే తేలుతుంది.

గోదావరి జిల్లాల్లో ఈ పట్టీకి పరీక్ష సంక్రాంతి. భోగి నుంచి ముక్కనుమ దాకా నాలుగు రోజులు అందరికీ సెలవు కావాలి, సరిగ్గా ఆ నాలుగు రోజులే క్యాజువాలిటీ నిండుతుంది. హైదరాబాదు నుంచి ఊళ్ళకు వచ్చినవాళ్ళ బండ్ల ప్రమాదాలు, బరుల దగ్గర కోడికత్తి గాయాలు, తాగి పడినవాళ్ళు, పిండివంటల తర్వాత షుగరు పెరిగిన పెద్దవాళ్ళు వస్తారు. జనవరి రెండో వారంలో చర్చ మొదలుపెడితే మిగిలేది కన్నీళ్ళే. డిసెంబరు మొదటి వారంలోనే అందరి చేతా రాయించుకోవాలి: నాలుగు రోజుల్లో ఏ ఒక్క రోజు సెలవు తప్పనిసరి, ఏ రోజు డ్యూటీ ఇచ్చినా ఫర్వాలేదు అని. క్రిస్మస్‌కి సెలవు తీసుకున్నవాళ్ళు సంక్రాంతికి డ్యూటీ, కిందటేడు సంక్రాంతికి చేసినవాళ్ళకు ఈ ఏడు మొదటి ఎంపిక అన్న నియమం ముందే గోడమీద ఉంటే ఇన్‌చార్జి సిస్టర్ మీద ఎవరికీ అనుమానం రాదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, పన్నెండు రోజులు. రేవులున్న ప్రతి ఊరి ఆసుపత్రిలోనూ ఇదే కసరత్తు ఇంకా ముందుగా, ఇంకా పెద్దగా చేయాల్సి ఉంటుంది.

ఇక హ్యాండోవర్. "అంతా బాగానే ఉంది సిస్టర్, 12కి యాంటీబయాటిక్ ఉంది" అని తలుపు దగ్గర చెప్పి బస్సుకి పరుగెత్తడం హ్యాండోవర్ అనిపించుకోదు. 30 మంది రోగులున్న వార్డులో సీరియస్‌గా ఉన్న అయిదుగురికి రెండేసి నిమిషాలు, మిగతా పాతికమందికి అరేసి నిమిషం పెట్టినా 23 నిమిషాల్లో అయిపోతుంది. ఈ 23 నిమిషాలూ మంచాల దగ్గర, కేస్ షీటు చేతిలో పట్టుకుని జరగాలి. సీరియస్ రోగుల నుంచి మొదలుపెట్టాలి. మొదటి మంచం నుంచి వరసగా వెళ్తే 28వ మంచంలో ఉన్న షాక్ (బీపీ బాగా పడిపోయిన) కేసు దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ ఓపిక అయిపోతుంది. సెలైన్ బాటిల్లో ఎంత మిగిలింది, సిరలో పెట్టిన క్యాన్యులా గొట్టం దగ్గర వాపు ఉందా, యూరిన్ బ్యాగులో ఎంత ఉంది, ఆక్సిజన్ మీటరు ఎంతమీద ఉంది అన్న నాలుగూ కళ్ళతో చూసి తీసుకోవాలి.

చెప్పే క్రమానికి ఐఎస్‌బార్ అన్న చట్రం ఉంది. నేను ఎవరిని, ఈ రోగి ఎవరు అన్నది ఒక ముక్క, ఆపైన ఇప్పుడు పరిస్థితి ఏమిటి, దాని వెనక కథ ఏమిటి, నేను చూసిందేమిటి, మీరు ఏం చేయాలి. మొత్తం అయిదు ముక్కలు. చట్రాన్ని బట్టీ పట్టించే బదులు మన నేల మీది కేసుతో చెప్పించాలి. నాట్ల రోజుల్లో రాత్రి ఎనిమిది గంటల హ్యాండోవర్ ఇలా ఉండాలి:

"18వ బెడ్ సిస్టర్, 42 ఏళ్ళ రైతు, పాము కాటు. సాయంత్రం నాలుగున్నరకి పొలంలో కుడి పాదం మీద కరిచింది, 5:40కి తీసుకొచ్చారు. ఆరు గంటలకి చూసిన 20 నిమిషాల పరీక్షలో రక్తం గడ్డకట్టలేదు. పాము మందు 10 వయల్స్ 6:15కి మొదలుపెట్టాం, 7:15కి అయిపోయింది, రియాక్షన్ రాలేదు. ఇప్పుడు బీపీ 116/74, చిగుళ్ళ నుంచి కొద్దిగా రక్తం, వాపు మడమ దాటింది, అక్కడ పెన్నుతో గీత పెట్టాను. మళ్ళీ పరీక్ష 12:15కి. అప్పటికీ గడ్డకట్టకపోతే ఇంకో 10 వయల్స్ కావాలి, డ్యూటీ డాక్టరుకి చెప్పి ఉంచాను. వార్డు ఫ్రిజ్‌లో 8 ఉన్నాయి, మిగతావి క్యాజువాలిటీ నుంచి తెప్పించాలి. కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా గంటగంటకీ చూడండి."

ఇందులో చివరి ముక్కలే మేనేజ్‌మెంటు. 12:15 అన్న టైము, 8 అన్న అంకె. ఆ రెండూ చెప్పకపోతే రాత్రి ఒంటిగంటకు పరీక్ష గుర్తొస్తుంది, ఒకటిన్నరకి వయల్స్ చాలవని తెలుస్తుంది. ఆ పరీక్షకు కావలసిందల్లా 2 మిల్లీలీటర్ల తాజా రక్తం, శుభ్రంగా పొడిగా ఉన్న గాజు ట్యూబు, 20 నిమిషాలు కదపకుండా ఉంచే ఓపిక. ప్లాస్టిక్ ట్యూబులో పోసినా, సబ్బు నీళ్ళతో కడిగిన గాజు ట్యూబులో పోసినా రక్తం గడ్డకట్టాల్సినప్పుడు కట్టదు, విషం లేని మనిషికి కూడా మందు ఎక్కించాల్సి వస్తుంది. కొత్త గాజు ట్యూబులు పది, వేరే డబ్బాలో, "పాము కాటుకు మాత్రమే" అన్న చీటీతో ఖరీఫ్ మొదలయ్యేలోపు పెట్టి ఉంచే నర్సుకి ఏ హోదా లేకపోయినా ఆవిడే మేనేజరు.

డాక్టరుకి ఫోన్ చేయడం కూడా ఇదే చట్రంలో నేర్పాలి. "సర్, 7వ బెడ్ బీపీ తక్కువగా ఉంది" అంటే అవతల "సరే, సెలైన్ పెట్టండి" అనే జవాబే వస్తుంది. "సర్, ఫిమేల్ మెడికల్ వార్డు స్టాఫ్ నర్సుని. 7వ బెడ్, 58 ఏళ్ళావిడ, షుగరు, కాలి పుండుతో నిన్న చేరారు. బీపీ 84/50, పల్స్ 124. పొద్దున 110/70 ఉంది. గత ఆరు గంటల్లో యూరిన్ 40 మిల్లీలీటర్లే. షాక్‌లోకి వెళ్తున్నారేమోనని నా అనుమానం. మీరు వచ్చి చూడాలి సర్. ఈలోపు ఫ్లూయిడ్ ఎంత పెట్టమంటారు?" ఇది ముప్ఫై సెకన్ల మాట. అవతలివాళ్ళు చెప్పిన ఆర్డరు తిరిగి చదివి వినిపించి, టైముతో సహా రాసుకోవాలి. క్లాసులో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి వారానికి రెండు కేసులు ఇలా చెప్పిస్తే, మూడు నెలల్లో గొంతు వణకడం తగ్గుతుంది. మన పిల్లల్లో చాలామందికి విషయం తెలుసు, "నా అనుమానం ఇది" అని పెద్దవాళ్ళతో అనడానికే భయం. ఆ భయం పోగొట్టే బాధ్యత టీచరుదే.

పని అప్పగించడం గురించి. ఇద్దరు నర్సులు, ఒక ఎఫ్‌ఎన్‌ఓ (ఆయమ్మ), 30 మంది రోగులు ఉన్నప్పుడు అన్నీ మనమే చేయలేం. మందు ఇవ్వడం, రోగి పరిస్థితి అంచనా వేయడం, డిశ్చార్జి అప్పుడు జాగ్రత్తలు చెప్పడం, వీటిని ఎవరికీ అప్పగించకూడదు. పక్క మార్చడం, దుప్పట్లు, యూరిన్ కొలిచి చెప్పడం, శాంపిల్ ల్యాబుకి చేర్చడం అప్పగించవచ్చు. అప్పగించేటప్పుడు అయిదు సరి చూసుకోవాలి: పని సరైనదా, రోగి పరిస్థితి అందుకు తగిందా, చేసే మనిషికి అది వచ్చా, చెప్పిన మాట స్పష్టంగా ఉందా, తర్వాత నేను చూస్తానా. మన వార్డుల్లో ఎక్కువగా తప్పేది నాలుగోది. "12వ బెడ్ కాస్త చూడమ్మా" అంటే ఆయమ్మ వెళ్ళి చూస్తుంది, అంతే. "మంగమ్మగారూ, 12వ బెడ్ యూరిన్ బ్యాగు రాత్రి పదింటికి కొలిచి నాకు చెప్పండి. 180 కన్నా తక్కువ ఉంటే నేను ఏ పనిలో ఉన్నా వచ్చి పిలవండి" అనాలి. ఆ 180 ఎక్కడిదంటే, 60 కిలోల మనిషికి కిలోకి గంటకి అర మిల్లీలీటరు చొప్పున గంటకి 30, ఆరు గంటలకి 180. ఆవిడకి లెక్క తెలియక్కర్లేదు, అంకె తెలిస్తే చాలు. వయసులో పెద్దవాళ్ళకు గౌరవంగా చెప్పడమూ పనిలో భాగమే. ఇరవై రెండేళ్ళ నర్సు ఏకవచనంతో పిలిస్తే ఆ రాత్రి ఏ కబురూ టైముకి రాదు.

స్టాకు, ఇండెంటు దగ్గరికొస్తే పద్ధతి తేలికే, కానీ దాదాపు ఎవరూ లెక్కవేయరు. "అయిపోవచ్చింది" అని అనిపించినప్పుడు రాస్తారు. ఒక వార్డులో రోజుకి 18 క్యాన్యులాలు వాడుతున్నారు, ఇండెంటు పెట్టాక స్టోరు నుంచి రావడానికి వారం పడుతుంది, ఆలస్యానికి మూడు రోజులు అదనం. 18ని 10తో గుణిస్తే 180. డబ్బాలో 180కి వచ్చిన రోజే ఇండెంటు రాయాలి. ఆ అంకెను డబ్బా మీదే స్కెచ్ పెన్నుతో రాసేస్తే ఎవరు డ్యూటీలో ఉన్నా తెలుస్తుంది. అన్ని వస్తువులకూ ఇంత కాపలా అక్కర్లేదు. లేకపోతే ప్రాణం పోయేవి ఒక జట్టు: అడ్రినలిన్, అట్రోపిన్, పాము మందు, ఆక్సిజన్, ఆక్సిటోసిన్. వీటిని ప్రతి షిఫ్టూ లెక్కపెట్టాలి. ఇబ్బంది కలిగినా ఒక రోజు ఆగగలిగేవి రెండో జట్టు. మిగతావి వారానికోసారి చాలు. ఎక్స్‌పైరీ దూరంగా ఉన్నవి వెనక, దగ్గరైనవి ముందు పెట్టాలి. వచ్చిన తేదీ చూసి పెడితే పొరపాటు, ఎందుకంటే తర్వాత వచ్చిన పెట్టెకే గడువు ముందుండటం మామూలు.

డెల్టా గాలిలో తేమ ఎక్కువ. ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్ నుంచి తీసిన ప్యాకులు ఆరకముందే బీరువాలో పెట్టినా, నేల మీద, గోడకానించి పెట్టినా గుడ్డ చెమ్మ పీలుస్తుంది. చెమ్మ తగిలిన ప్యాకు స్టెరైల్ కాదు, తేదీ ఏదున్నా సరే. వానాకాలంలో దీన్ని రోజూ చూసే పని ఒక విద్యార్థికి అప్పగించండి. అలాగే లేబర్ రూమ్ ఫ్రిజ్. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు పోతూ వస్తూ ఉండే చోట ఫ్రిజ్ తలుపుకి థర్మామీటరు, రోజుకి రెండుసార్లు రాసే కాగితం లేకపోతే, కాన్పు తర్వాత రక్తస్రావం ఆగనప్పుడు ఇచ్చిన మందు పనిచేస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు.

ఆక్సిజన్ లెక్క ప్రతి నర్సుకీ నోటికి రావాలి. పెద్ద డి టైపు సిలిండరు నిండుగా ఉంటే సుమారు 7,000 లీటర్లు, చిన్న బి టైపులో సుమారు 1,500. నిమిషానికి 5 లీటర్లు వెళ్తుంటే చిన్నది 300 నిమిషాలు, అంటే 5 గంటలు. 10 లీటర్ల మీద ఉంటే రెండున్నర గంటలు. గేజీ సగంలో ఉంటే ఇందులో సగం. రాజోలు నుంచి కాకినాడకి అంబులెన్సులో రెఫర్ చేస్తున్నప్పుడు దారికి పట్టే టైముకి రెట్టింపు ఆక్సిజన్ ఉందో లేదో ఈ లెక్కతోనే తేలుతుంది. "ఫుల్లే ఉందండీ" అన్న డ్రైవరు మాటతో తేలదు.

తప్పు జరిగినప్పుడు ఏం చేయాలో కూడా చెప్పాలి. పొటాషియం క్లోరైడ్ ఆంపూల్ సంగతే తీసుకోండి. 10 మిల్లీలీటర్లలో 20 మిల్లీ ఈక్వివలెంట్లు. నేరుగా సిరలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. ఒక నర్సు డిస్టిల్డ్ వాటర్ అనుకుని దాన్ని చేతిలోకి తీసుకుని, చివరి క్షణంలో చదివి పక్కన పెట్టిందనుకుందాం. రోగికి ఏమీ కాలేదు, ఇక రాయడం ఎందుకు అనుకుంటారు. అలాంటివే ముఖ్యంగా రాయాలి. ఎందుకు తీసుకుంది? రెండూ ఒకే ట్రేలో ఉన్నాయి. ఎందుకు ఉన్నాయి? మిగిలిన ఆంపూల్‌ని ఎక్కడ పెట్టాలో చోటు లేదు. ఎందుకు లేదు? అది వార్డులో విడిగా ఉండాలని ఎవరూ నిర్ణయించలేదు. ఇలా అడుగుతూ వెళ్తే నర్సు పేరు దగ్గర ఆగం, బీరువా దగ్గర ఆగుతాం. తాళం ఉన్న అర, ఎర్ర లేబులు, ఇద్దరు చూసి కలపడం అన్న మూడు మార్పులూ ఆ రోజే పెట్టవచ్చు. రాసినవాళ్ళకు మెమో ఇచ్చే ఇన్‌చార్జి దగ్గర రెండో రిపోర్టు ఇక రాదు. రిపోర్టులు రాకపోవడాన్ని తప్పులు జరగకపోవడంగా పొరబడటమే అసలు ప్రమాదం.

వరద రోజుల ప్లాను మన జిల్లాల నర్సింగ్ విద్యలో ఒక అధ్యాయంగా ఉండాలని గట్టిగా అనుకుంటాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలం దగ్గర పెరిగిన నీరు ఇక్కడికి చేరేలోపు కొంత వ్యవధి దొరుకుతుంది, ఆ వ్యవధిని ఎలా వాడామన్నదే లెక్క. 2022 జూలైలో చూసినట్టు నీరు మూడో హెచ్చరిక దాటిందంటే పి.గన్నవరం, అయినవిల్లి, ముమ్మిడివరం వైపు లంకల్లోకి పడవ తప్ప దారి ఉండదు. అందుకని మొదటి హెచ్చరికకే విలేజ్ క్లినిక్‌లో ఉన్న ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్), ఏఎన్‌ఎం, ఆశాలు కలిసి కూర్చుని పేర్ల పట్టీలు నాలుగు సిద్ధం చేయాలి. 36 వారాలు దాటిన గర్భిణులు, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు, ఇన్సులిన్ వాడేవాళ్ళు, మంచం పట్టినవాళ్ళు. మొదటి రెండు పట్టీల్లోని వాళ్ళను రెండో హెచ్చరిక రాకముందే ఆసుపత్రికి చేర్చాలి. గర్భిణితోపాటు ఎవరు వస్తారు, ఇంట్లో మిగిలిన చిన్నపిల్లలను, గేదెలను ఎవరు చూస్తారు అన్నది అడగకుండా "రండమ్మా" అంటే ఆవిడ రాదు. మూడో పట్టీవాళ్ళకు రెండు వారాల మందు చేతికివ్వాలి.

ఆసుపత్రి లోపల కింది అరల్లోని మందులు పైకెక్కించాలి. జనరేటరుకి డీజిలు ఎన్ని గంటలకు ఉందో రాసిపెట్టాలి, నిండు సిలిండర్లు లెక్కేయాలి, ఓఆర్‌ఎస్, పాము మందు అదనంగా తెప్పించాలి. నీరు తీస్తున్నప్పుడే పాములు ఇళ్ళలోకి వస్తాయి, విరేచనాలు మొదలవుతాయి. చార్టు కూడా మారాలి. లంక ఊళ్ళలో ఇళ్ళున్న నర్సులు డ్యూటీకి వచ్చాక తిరిగి వెళ్ళలేరు, వెళ్ళినవాళ్ళు రాలేరు. ఎవరెవరు అలాంటివాళ్ళో జూన్‌లోనే పట్టీ ఉంటే, వాళ్ళకి పడుకునే చోటు, తిండి, వాళ్ళ పిల్లల సంగతి ముందే చూడొచ్చు. తన ఇల్లు నీళ్ళలో ఉందన్న దిగులుతో ఉన్న మనిషికి వరసగా మూడు రాత్రులు వేస్తే మందు పొరపాటు ఎవరి తప్పనాలి?

ఇదంతా ఎప్పుడు, ఎవరు నేర్పాలి? మొదటి ఏడాది విద్యార్థికి ఒక్క రోగి, ఆ మంచం చుట్టూ ఉన్న వస్తువులు అప్పగించండి. డ్యూటీ అయ్యాక ఆ రోగి గురించి ఒక నిమిషం హ్యాండోవర్ చెప్పాలి. రెండో ఏడాది ముగ్గురు రోగులు, గంటగంటకీ ఏం చేయాలో ముందే రాసుకున్న కాగితం. చివర్లో ఏవి ఆలస్యమయ్యాయో, ఎందుకో ఎర్ర సిరాతో పక్కన రాయాలి. మూడో ఏడాది ఒక రోజంతా ఇన్‌చార్జి సిస్టర్ వెనకే తిరిగి, ఆవిడ పనిని ఎవరెవరు ఎన్నిసార్లు మధ్యలో ఆపారో రాయాలి. ఆ కాగితం చూస్తే ఇన్‌చార్జికే ఆశ్చర్యమేస్తుంది. ఆరో సెమిస్టర్లో నిజమైన వార్డు పేర్లతో, నిజమైన సెలవులతో నెల చార్టు రాసి ఇన్‌చార్జి రాసినదానితో పోల్చాలి. ఎనిమిదో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌లో ఆరు మంచాలకు టీమ్ లీడర్‌గా, పక్కన ప్రిసెప్టర్ (దగ్గరుండి నేర్పే సీనియర్ నర్సు) ఉండగా, వారం రోజులు నిలబడాలి.

ఇక్కడ చెడేవి నాకు తెలిసి మూడు. స్టాఫ్ తక్కువైన వార్డు విద్యార్థిని ఉచిత కూలీగా వాడుకుంటుంది, ఆ పిల్ల మూడేళ్ళూ బీపీలు చూస్తూనే గడిపేస్తుంది. ట్యూటర్ కాలేజీలో ఉంటారు, వార్డు ఎక్కడో ఉంటుంది, ఇద్దరి మధ్య మాట ఉండదు. లాగ్‌బుక్ సంతకాలన్నీ పరీక్ష ముందురోజు ఒకే పెన్నుతో పడతాయి. మొదటిదానికి మందు స్టాఫ్ పెంచడమే, దానికి అడ్డదారి లేదు. మిగతా రెండింటికీ ఉంది. ట్యూటర్ వారానికి రెండు రోజులు పొద్దున ఎనిమిదింటి హ్యాండోవర్‌కి వార్డులో నిలబడాలి, చూసిన పనికి అక్కడే, అప్పుడే తేదీ, టైముతో సంతకం పెట్టాలి.

తప్పు చెప్పేటప్పుడు మూడు ముక్కల్లో చెప్పాలి. చూసింది, దానివల్ల అయ్యేది, తర్వాత చేయాల్సింది. "నీకు శ్రద్ధ లేదు" అన్న మాటలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. "9వ బెడ్ సెలైన్ అయిపోయి పది నిమిషాలైంది, లైన్‌లో రక్తం గడ్డకట్టింది, మళ్ళీ గుచ్చాలి. బాటిలు 50 మిల్లీలీటర్లకి వచ్చేసరికి తర్వాతిది పక్కన పెట్టుకో" అంటే ఆ పిల్ల రేపు పెట్టుకుంటుంది. రోగి ముందు, వాళ్ళ బంధువుల ముందు ఈ మాటలు వద్దు. ట్రీట్‌మెంట్ రూమ్‌లో చెప్పండి.

ఇంటర్న్‌షిప్ ఆఖరి రోజు ఒక పని చేయించవచ్చు. వార్డు తాళాల గుత్తి, మత్తుమందుల రిజిస్టరు, ఎమర్జెన్సీ ట్రాలీ ఆ అమ్మాయికి అప్పగించి, ఒక షిఫ్టు తర్వాత వచ్చే స్టాఫ్ నర్సుకి లెక్క చూపించి అప్పజెప్పమనండి. ఖాళీ ఆంపూల్స్‌తో సహా రిజిస్టరు అంకెకి సరిపోవాలి, ట్రాలీ సీలు నంబరు పుస్తకంలో ఉన్నదే అయి ఉండాలి, గొంతు లోపల చూసే లారింగోస్కోప్ బల్బు వెలగాలి. ఒక్కటి తేడా వచ్చినా సంతకం పెట్టకుండా ఆగి వెతకాలి, బస్సు వెళ్ళిపోయినా సరే.